గోడ లేని కచేరీ: నల్లగొండ, పాలమూరు ధూంధాం ముచ్చట

ఈ రోజు ముచ్చట మన నల్లగొండ, పాలమూరుది. కానీ మొదలు మాత్రం కెనడాలో పెడుతున్నా. పరేషాన్ కాకండి, కొద్దిసేపట్లోనే ఊరికి వచ్చేద్దాం.

1977 జులై 6. మాంట్రియల్ నగరం, ఒలింపిక్ స్టేడియం. పింక్ ఫ్లాయిడ్ అనే బ్రిటిష్ బ్యాండ్ కచేరీ. వాళ్ల టూర్‌లో అది ఆఖరి షో. 80 వేలకు దగ్గరగా జనం వచ్చారు. ముందు వరసల్లో ఒకటే అరుపులు, కేకలు, పటాకుల మోత. మెల్లగా పాడే పాట వచ్చినా అరుపులు ఆగలేదు. పాడుతున్న రోజర్ వాటర్స్‌కు కోపం నషాళానికి ఎక్కింది. ముందు నిలబడి అరుస్తున్న ఒక అభిమాని మీద ఉమ్మేశాడు.

ఆ తర్వాత ఆయనకే సిగ్గనిపించింది. నా పాట కోసం పైసలు పెట్టి వచ్చిన మనిషి మీద నేనెందుకు ఉమ్మాను? నాకూ, వినేవాళ్లకూ నడుమ ఎప్పుడు గోడ లేచింది? ఈ ప్రశ్న నుంచే 'ద వాల్' అనే ఆల్బమ్ పుట్టింది. వాల్ అంటే గోడ. 1979 నవంబర్ 30న విడుదలైంది. తర్వాత దాన్ని పట్టుకుని టూర్‌కు వెళ్లారు. ఆ షో ఎట్లా ఉండేదంటే, బ్యాండ్ ఒకవైపు పాడుతుంటే, పనివాళ్లు వాళ్ల ముందే అట్టపెట్టెల ఇటుకలు ఒకదాని మీద ఒకటి పేర్చేవాళ్లు. సగం షో అయ్యేసరికి 40 అడుగుల గోడ. బ్యాండ్ కనిపించదు. గోడ వెనక నుంచి పాట మాత్రం వినిపిస్తది. చివర్లో ఆ గోడ మొత్తం కూలిపోతది. జనం మతిపోయి చూసేవాళ్లు.

1980, 81 సంవత్సరాల్లో ఈ షోలు మొత్తం 31. అమెరికాలో రెండు చోట్ల, లండన్‌లో, జర్మనీలోని డోర్ట్‌మండ్‌లో, అంతే. అంత సెట్టు ఊరూరా మోసుకుపోవడానికి ఖర్చు తట్టుకోలేకపోయారు. ఒక తమాషా చెప్పనా? బ్యాండ్ నుంచి తీసేసిన కీబోర్డ్ ప్లేయర్ రిక్ రైట్ ఆ టూర్‌లో జీతానికి వాయించాడు. మిగతా ముగ్గురికీ నష్టం వచ్చింది. జీతం తీసుకున్నాయనకే నాలుగు పైసలు మిగిలాయి.

ఈ తరహా సంగీతాన్ని ప్రోగ్రెసివ్ రాక్ అంటారు. 1960ల చివర్లో ఇంగ్లండ్‌లో మొదలైంది. రేడియోలో వచ్చే మూడు నిమిషాల పాటలో మేం చెప్పాల్సింది పట్టదు అన్నవాళ్ల సంగీతం ఇది. పింక్ ఫ్లాయిడ్ వాళ్లదే 1971లో వచ్చిన 'ఎకోస్' అనే పాట 23 నిమిషాలు ఉంటది. 1972లో జెత్రో టల్ అనే ఇంకో బ్యాండ్ ఏకంగా రికార్డుకు రెండు వైపులా కలిపి ఒకటే పాట పెట్టింది. రీల్‌ను 15 సెకన్లకే పైకి తోసేసే మనకు ఇది వింతగా ఉంటది. కానీ రాత్రి పొద్దుపోయాక మొదలై తెల్లారేదాకా సాగే ఒగ్గుకథ మల్లన్న కథ విన్న మా నాయనమ్మకు చెప్తే, "గంతేనా?" అంటది.

ఇప్పుడు ఊరికి వద్దాం. ప్రోగ్రెసివ్ అంటే మన దగ్గర ఒక మాట ఉంది: అభ్యుదయం. వాళ్లది సంగీతంలో అభ్యుదయం. మన దగ్గర అభ్యుదయం అంటే బతుకులో రావాల్సిన మార్పు. దాని కోసం ఊరూరూ తిరిగి పాడిన బృందాలు నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాల్లో తరం తర్వాత తరం పుట్టాయి. టికెట్ లేదు, లైట్లు లేవు. వాళ్లకు గోడ కూడా లేదు. ఎందుకు లేదు, లేకపోతే ఏమైంది అన్నదే ఈ ఎపిసోడ్.

మొదట 1940లకు పోదాం. నిజాం పాలన. దొరల గడీలు, వెట్టిచాకిరీ. 1944లో భువనగిరిలో ఆంధ్ర మహాసభ జరిగింది. రావి నారాయణరెడ్డి అధ్యక్షుడు. అప్పటినుంచి ఊళ్లలో సంఘం మాట వినపడటం మొదలైంది. 1946 జులై 4న కడవెండిలో దొడ్డి కొమరయ్య తూటా తగిలి చనిపోయాడు. కడవెండి ఇప్పుడు జనగామ జిల్లాలో ఉంది కానీ, అప్పుడది నల్లగొండ జిల్లానే. సాయుధ పోరాటానికి ఆ చావుతోనే నిప్పు అంటుకుంది.

ఆ రోజుల్లో చదువు వచ్చినవాళ్లు ఊరికి ఇద్దరో ముగ్గురో. కరపత్రం పంచితే చదివేదెవరు? అందుకని మాటను పాటగా మార్చాలి. ఆ పని చేసినవాళ్లలో పెద్ద పేరు సుద్దాల హనుమంతు. మోత్కూరు దగ్గర పాలడుగులో పుట్టి, సుద్దాలలో స్థిరపడ్డాడు. ఇప్పుడు సినిమా పాటలు రాసే సుద్దాల అశోక్‌తేజ నాయన.

హనుమంతు చేసిన తెలివైన పని ఏందంటే, కొత్త స్టేజీ కట్టలేదు. జనం దగ్గర అప్పటికే ఉన్నవాటిని తీసుకున్నాడు. గొల్లసుద్దులు, పిట్టలదొర, బుడబుక్కల, బుర్రకథ. గొల్లసుద్దులంటే గొంగడి వేసుకుని, కర్ర పట్టుకుని, నవ్విస్తూ కథ చెప్పే పద్ధతి. ఊరిలో అందరికీ తెలిసిన వేషం, తెలిసిన బాణీ. లోపల మాట మాత్రం కొత్తది: భూమి ఎవరిది, వెట్టి ఎందుకు చెయ్యాలి.

బుర్రకథ కూడా అంతే. ముగ్గురు మనుషులు చాలు. నడుమ కథకుడు, భుజాన తంబుర, వేలికి అందె. అటు ఇటు డక్కీలు పట్టుకున్న ఇద్దరు వంతలు. ఒక వంత నవ్విస్తాడు, ఇంకో వంత రాజకీయం మాట్లాడతాడు. కథకుడు ఒక మాట అంటే, వంత "ఎందుకట్ల?" అని అడుగుతాడు. గమనించండి, ఆ ప్రశ్న అడిగేది వంత కాదు, ముందు కూర్చున్న జనం. వాళ్ల మనసులో ఉన్న ప్రశ్నను స్టేజీ మీద ఒకడు అడిగిపెడుతున్నాడు. వినేవాళ్లకు ప్రతినిధిగా ఒక మనిషిని కచేరీలోనే కూర్చోబెట్టిన కళారూపం అది. ఇక గోడ ఎక్కడినుంచి లేస్తది?

పోలీసులు వస్తే? తంబుర సంచిలో పెట్టుకుని పక్క ఊరికి పోవచ్చు. పింక్ ఫ్లాయిడ్ మోయలేనిది మనోళ్లు భుజాన వేసుకుని తిరిగారు.

1980లో ఇంకో ముచ్చట జరిగింది. లండన్‌లో, అమెరికాలో 'ద వాల్' షోలు నడుస్తున్న ఆ ఏడాదే మన దగ్గర 'మా భూమి' సినిమా థియేటర్లలోకి వచ్చింది. గౌతమ్ ఘోష్ దర్శకుడు, బి. నర్సింగరావు నిర్మాత. కథ తెలంగాణ సాయుధ పోరాటం. అందులో ఆ పోరాట కాలంలో బండి యాదగిరి కట్టిన పాటను గద్దర్ తెర మీద పాడాడు. సుద్దాల హనుమంతు పాట కూడా ఆ సినిమాలో ఉంది. ముప్పై ఏండ్ల కింద ఊళ్లల్లో తిరిగిన పాట సినిమాలోకి వచ్చి, మళ్లీ సినిమా నుంచి ఊళ్లల్లోకి పోయింది. హనుమంతు 1982లో చనిపోయాడు. అంటే తన పాట తెర మీదికి రావడం ఆయన బతికుండగానే జరిగింది.

ఇప్పుడు 1997. మళ్లీ అదే భువనగిరి. మార్చి 8, 9 తేదీల్లో 'దగాపడ్డ తెలంగాణ' పేరుతో పెద్ద సభ జరిగింది. తెలంగాణ ఉద్యమం మళ్లీ లేచిన రోజులవి. ఆ ఏడాదే ఆగస్టులో సూర్యాపేటలో ఇంకో మహాసభ. రెండూ మన జిల్లాలోనే.

ఈ కాలంలోనే భువనగిరిలో ఒక అమ్మాయి గొంతు లేచింది. బెల్లి లలిత. 1974లో పుట్టింది. ఆత్మకూరు మండలం నాంచారిపేట. స్పిన్నింగ్ మిల్లులో పనిచేసిన కార్మికురాలు. పెద్ద సంగీతం నేర్చుకున్నది కాదు. ఊరి పాట, కైకిలి పాట, బతుకమ్మ బాణీ ఆమె చదువు. మిల్లు కార్మికుల కోసం పాడింది, తర్వాత తెలంగాణ కళాసమితి తరఫున ఊరూరూ తిరిగి పాడింది. భువనగిరి కోకిల అన్నారు జనం.

1999 మే 26న ఆమెను చంపేశారు. శరీరాన్ని ముక్కలు చేసి వేర్వేరు చోట్ల పడేశారు. అప్పటికి ఆమెకు 25 ఏండ్లు.

ఇక్కడ ఒక్క నిమిషం ఆగుతాను. ఇప్పటిదాకా నేను గోడ లేకపోవడం గొప్ప అన్నట్టే మాట్లాడాను. అవును, గొప్పే. కానీ గోడ లేని గాయనికి అడ్డం కూడా ఏమీ ఉండదు. స్టేడియంలో పాడే స్టార్‌కు బారికేడ్ ఉంటది, సెక్యూరిటీ ఉంటది, వెనక గేటు నుంచి కారు ఉంటది. లలిత పాట అయిపోయాక జనంలో కలిసే ఇంటికి పోవాలి. తెల్లారి అదే బజారులో నడవాలి. ఆమె ఎక్కడ ఉంటుందో అందరికీ తెలుసు. ప్రేమించేవాళ్లకూ తెలుసు, చంపాలనుకున్నవాళ్లకూ తెలుసు. భువనగిరి సభ అయిన నెల రోజులకే, 1997 ఏప్రిల్ 6న, గద్దర్ మీద ఆయన ఇంటి దగ్గరే కాల్పులు జరిగాయి. ఆయన బతికాడు. మన దగ్గర పాడటం అంటే గొంతు ఒక్కటే పెట్టడం కాదు. ప్రాణం కూడా పెట్టడం.

మరి లలిత చనిపోయాక పాట ఆగిందా? 2002లో కామారెడ్డిలో మొదటి ధూంధాం జరిగింది. రసమయి బాలకిషన్, ఇంకా ఎందరో కళాకారులు కలిసి మొదలుపెట్టారు. ధూంధాం అంటే మనం పెండ్లి గురించి, జాతర గురించి వాడే మాట. ఏడుపు సభ కాదు, సంబరంలాగా చేద్దాం అన్నట్టు. ఉపన్యాసం అంటే జనం లేచిపోతారు. ఆట, పాట, మాట కలిపితే కూర్చుంటారు. ఆ తర్వాత పన్నెండేండ్లు తెలంగాణలో ధూంధాం అడుగుపెట్టని పెద్ద ఊరు దొరకడం కష్టం.

మన రెండు జిల్లాలు దీనికి పెద్ద గొంతులనే ఇచ్చాయి. ఆలేరు నుంచి విమలక్క. ఆమె నాయన బండ్రు నర్సింహులు సాయుధ పోరాటంలో ఉన్నాయన. నాయన తుపాకీ పట్టిన నేల మీద బిడ్డ డప్పు పట్టింది. పాలమూరు వైపు నుంచి గోరటి వెంకన్న. తెలకపల్లి మండలం గౌరారం. పల్లెల్లో కులవృత్తులు ఎట్లా కూలిపోయాయో చెప్పిన ఆయన పాట 2002లో 'కుబుసం' సినిమాలో వచ్చి ఇంటింటికీ పోయింది. 2021లో 'వల్లంకి తాళం' పుస్తకానికి కేంద్ర సాహిత్య అకాడమీ అవార్డు వచ్చింది.

ఇప్పుడు నేను నా కండ్లతో చూసిన ధూంధాం చెప్తా. మాది దేవరకొండ వైపు ఒక చిన్న ఊరు. నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాలు ఒకదాన్నొకటి ఆనుకునే చోటు. 2010. నేను తొమ్మిదో తరగతి. 2009 డిసెంబర్ 9న ప్రకటన వచ్చి, మళ్లీ వెనక్కి పోయి, ఊరూరూ మండుతున్న రోజులు.

స్టేజీ అంటే రెండు ట్రాక్టర్ ట్రాలీలు పక్కపక్కన పెట్టి, పైన బల్లలు వేశారు. కరెంటు లేకపోతే కష్టమని జనరేటర్. పాట మొదలు కాకముందే నేను చూసిన మొదటి దృశ్యం, స్టేజీ వెనక గడ్డితో చిన్న మంట పెట్టి డప్పులు కాపుతున్నారు. చలికి తోలు మెత్తబడితే డప్పు మోగదు, వేడికి బిగుస్తది. గిటార్ ప్లేయర్ తీగలు సరిచేసుకుంటాడు కదా, మన దగ్గర ఆ పని మంట చేస్తది. ఒక పక్క డోలక్, కీబోర్డు. కాళ్లకు గజ్జెలు, భుజాన గొంగడి. మెయిన్ గాయకుడు ముందు, వెనక అర్ధచంద్రంలాగా కోరస్. పాడుతూనే ఆడాలి, ఆడుతూనే పాడాలి. రెండు మూడు గంటలు. ఏ జిమ్‌లో చేస్తారు ఆ కార్డియో?

ఇంకో సంగతి. సాయంత్రం బృందం ఊర్లోకి రాగానే వాళ్లలో ఒకాయన చాయ్ తాగుతూ అందరినీ అడుగుతున్నాడు. మీ ఊర్లో నీళ్లు ఎట్లా? ఎంతమంది వలస పోయారు? చెరువు నిండి ఎన్నేండ్లయింది? నేనేమో ఊరికే ముచ్చట పెడుతున్నాడు అనుకున్నా. రాత్రి చూస్తే ఆ జవాబులన్నీ పాటలో ఉన్నాయి.

మా దగ్గర జవాబులకు కొదవ ఏముంది? ఒకవైపు ఫ్లోరైడ్. నీళ్లలోంచి ఫ్లోరైడ్‌ను పటిక, సున్నంతో తీసే పద్ధతికి ప్రపంచమంతా 'నల్లగొండ టెక్నిక్' అనే పేరు. జిల్లా పేరు సైన్సు పుస్తకాల్లోకి ఎక్కింది కానీ, వంగిన కాళ్లు మా ఊళ్లల్లోనే ఉండిపోయాయి. అదే జిల్లాలో నాగార్జునసాగర్. 1955లో నెహ్రూ పునాది రాయి వేశాడు, 1967లో కాలువలకు నీళ్లు వదిలారు. డ్యామ్ పక్క జిల్లాలో బోరు నీళ్లు తాగి నడుములు వంగాయి. ఇంకోవైపు పాలమూరు. కృష్ణా నది తెలంగాణలో అడుగుపెట్టేదే పాలమూరు నేల మీద. కానీ ఆ నేల మనుషులు గుంపుమేస్త్రీ వెంట వలసపోయి, దేశంలో ఎక్కడెక్కడో డ్యాములు కట్టారు. ధూంధాం పాటల్లో సగం ఈ రెండు గోసలే.

ఆ రాత్రి ఒక పాట నడుమ గాయకుడు మా ఊరి పేరు పెట్టి, ఐదు బోర్లు వేసినా చుక్క రాని ఒక రైతు ముచ్చట అందుకున్నాడు. ముందు వరసలో కూర్చున్న మా నాయనమ్మ లేచి నిలబడి గట్టిగా అరిచింది. "ఐదు గాదు బిడ్డా, ఏడు! ఏడు బోర్లు ఏసినం!"

నాకు సిగ్గుతో చచ్చినంత పనైంది. నాయనమ్మా కూసో, కూసో అని చీర కొంగు గుంజుతున్నా. జనం నవ్వుతున్నారు. గాయకుడు నవ్వలేదు. డప్పు ఆపించాడు. "ఏడా అవ్వా?" అని మైక్‌లో అడిగాడు. "ఏడు. రెండు ఎకరాలు గా బోర్లల్లనే పోయినయ్" అన్నది. ఆయన దండం పెట్టి, మళ్లీ పల్లవి ఎత్తుకుని, ఈసారి ఏడు బోర్లని పాడాడు. రెండెకరాల ముచ్చట కూడా చరణంలో కలిపాడు. అక్కడికక్కడే. కోరస్ ఆ మాటను అందుకుంది. నవ్విన జనమే అప్పుడు నోరు మూశారు. చుట్టూ చూస్తే మా నాయన తల వంచుకుని కూర్చున్నాడు. ఆ ఏడు బోర్లు వేసింది ఆయనే.

మాంట్రియల్ యాది ఉందా? అక్కడ కూడా ముందు వరసలో ఒకరు అరిచారు. ఉమ్మి పడింది. ఇక్కడ కూడా ముందు వరసలో ఒకరు అరిచారు. ఆమె మాట పాటలోకి పోయింది. రోజర్ వాటర్స్‌ను తక్కువ చెయ్యడం లేదు. తన తప్పు మీద తనే ఒక ఆల్బమ్ చేసి ప్రపంచానికి వినిపించడానికి ధైర్యం కావాలి. నేననేది ఏందంటే, 40 అడుగుల గోడ కట్టి కూల్చి ఆయన వెతుకులాడింది మా ఊర్లో రెండు ట్రాక్టర్ ట్రాలీల మీద దొరికింది.

షో అయ్యాక ఎవరికీ టికెట్ డబ్బులు లేవు. గొంగడి పరిస్తే చిల్లర పడింది. బృందం మా పక్కింట్లోనే అన్నం తిని, తెల్లారి ఇంకో ఊరికి పోయింది. ఆ ఊర్లో ఆ పాటలో ఏడు బోర్లు ఉండవు. ఆ ఊరి లెక్క వేరే ఉంటది.

2014 జూన్ 2న తెలంగాణ వచ్చింది. ఆ తర్వాత స్టేజీలు పెద్దగయ్యాయి. ఎల్‌ఈడీ తెరలు, ముందు వీఐపీ కుర్చీలు, వాటి ముందు బారికేడ్లు. ఏ పార్టీ అధికారంలో ఉన్నా సభ ఏర్పాటు అదే. మా నాయనమ్మ లాంటి మనిషి ఇప్పుడు లేచి అరిస్తే స్టేజీ దాకా వినపడదు. అట్టపెట్టెల గోడ కంటికి కనిపిస్తది. ఈ గోడ కనిపించదు, అదే బాధ.

ఇక అసలు నా బాధ. ఆ రాత్రి మా ఊర్లో ఎవరి ఫోన్‌లోనూ రికార్డు కాలేదు. ఉన్నవి చిన్న ఫోన్లు. పింక్ ఫ్లాయిడ్ మాంట్రియల్ షోను ఎవరో దొంగచాటుగా టేపు చేశారు, ఈ రోజు కూడా వినొచ్చు. మా ఊరి చరణం ప్రపంచంలో ఒకే ఒక్కసారి మోగింది. మా నాయనమ్మకు అది నోటికి వచ్చేది. నాట్లు వేసేటప్పుడు పాడేది. నేను హైదరాబాద్‌లో చదువుకుంటూ, తీరిగ్గా రాసుకుందాంలే అనుకున్నా. మూడేండ్ల కింద ఒకసారి కూర్చోబెట్టి అడిగితే సగమే యాదికి వచ్చింది. ఏడు బోర్ల దాకా పాడింది. రెండెకరాల దగ్గర ఆగిపోయింది. "రేపు యాదికొస్తది తియ్యి" అన్నది. ఆ చలికాలంలోనే పోయింది.

మా నాయనను అడిగాను. "నాకు యాది లేదు" అన్నాడు. యాది ఉంది, పాడలేడు. నేను మళ్లీ అడగలేదు.

నా దగ్గర సగం పాటే ఉంది. అందుకే ఈ ఎపిసోడ్ చేశాను. మీ ఊర్లో కూడా ఏదో ఒక ధూంధాం జరిగే ఉంటది. ముందు వరసలో కూర్చున్న అవ్వ ఎవరో ఉండే ఉంటది. ఈ వీడియో లైక్ కొట్టకపోయినా పర్లేదు. ఈ రాత్రి ఇంటికి ఫోన్ చేసి, మన ఊరి పేరు పెట్టి ఏ పాట పాడారు అని ఒక్కసారి అడగండి. చెప్తుంటే రికార్డింగ్ బటన్ నొక్కండి. రేపు అడుగుదాంలే అనకండి. నేను అన్నాను.

వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. ఉంటా మరి.